దొరసాని నేర్చుకున్న తెలుగు

పోయిన ఆదివారం ఆరాధన ముగిసే ముందు పాస్టరుగారు ఎప్పటిలాగే ప్రకటనలు చదివారు. కోత పండుగకు కానుకలు తెచ్చేవాళ్లు శనివారం సాయంత్రానికే తెచ్చి పెట్టాలి. స్త్రీల కూడిక గురువారానికి మారింది. ఆ తర్వాత ఆయన చేతిలోని కాగితం వెనక్కి తిప్పి, "కొంతకాలం మన మధ్య సేవ చేసిన ఒక విదేశీ సహోదరి తన దేశంలో ప్రభువునందు నిద్రించారని ఉత్తరం వచ్చింది. ఆమె మన పిల్లలను ఎంతో ప్రేమించారు. ఒక్క నిమిషం లేచి నిలబడదాం" అన్నారు. పేరు కూడా చదివారు గానీ, ఆయన నోట్లో పడి అది వేరే పేరయిపోయింది. నా పక్కన నిలబడ్డ పిల్ల "ఎవరు టీచర్?" అని మెల్లగా అడిగింది.

"ఒక దొరసాని" అన్నాను.

నిమిషం అయిపోయింది, అందరూ కూచున్నారు. నేను కూచోవడం మరిచిపోయానని వెనక నుంచి ఎవరో కొంగు లాగితే తెలిసింది.

ఆమె పేరు ఇక్కడ నేనూ రాయను. వికారాబాద్‌లో గానీ, తాండూరు గనుల దగ్గర గానీ ఆమెను పేరుతో పిలిచినవాళ్లు లేరు. మిషన్ కాంపౌండులో దొరసాని, బయట దొరసానమ్మ, అంతే. ఏడాదికి పైగా నేను ఆమె నోరుగా బతికాను. ఆమె అన్నది తెలుగులో చెప్పడం, వీళ్లన్నది ఇంగ్లీషులో చెప్పడం నా పని. ఆ పనిలో నేను చేసిన ఒక పాడు పని గురించి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పోలీసు చర్య జరిగిన నాలుగైదేళ్లకు, వరసగా రెండేళ్లు వానలు ఎగ్గొట్టిన కాలంలో ఆమె వికారాబాద్ స్టేషన్‌లో దిగింది. ఐదు వారాలు ఉండి, ఇక్కడ మిషన్ వాళ్లు చేస్తున్న పని చూసి, తిరిగి వెళ్లి వాళ్ల దేశంలోని సంఘాలకు చెప్పాలని వచ్చిన మనిషి. అప్పటికి నలభై దాటి ఉంటాయి. పెళ్లి చేసుకోలేదు. కొంగలాంటి పొడుగు, ఎండ తగిలితే కమిలిపోయే మెడ, ఎడమ మణికట్టుకు ఎప్పుడూ కట్టి ఉండే రుమాలు. ముందు పన్ను ఒకటి లేదని నవ్వు వచ్చినప్పుడల్లా ఆ రుమాలు నోటికి అడ్డం పెట్టుకునేది. మనసు బాగా లేనప్పుడు చేతి గడియారానికి కీ ఇచ్చేది. ఇచ్చిన కీ మళ్లీ ఇస్తుంటే అది ఏదో ఒకరోజు తెగుతుందని మా నాన్న భయపడేవాడు.

మా నాన్న కాంపౌండులో వంటవాడు. మా తాతలు బంట్వారం దిక్కు ఒక పల్లెలో కూలి చేసుకొని బతికినవాళ్లు. అక్కడ మా నాయనమ్మ బాప్తిస్మం తీసుకున్నాక మావాళ్లు వికారాబాద్ చేరారు. నేను మిషన్ బడిలో చదివి, పంతులమ్మ ట్రైనింగు చేసి, ఇరవయ్యో ఏట అదే బడిలో పాఠం చెబుతున్నాను. ఇంగ్లీషు తప్పుల్లేకుండా మాట్లాడతానని నాకు పేరు. అందుకని దొరసానికి నన్ను తోడిచ్చారు.

మొదటిరోజే ఆమె నాతో ఒక మాట అంది. "నాకు అందంగా చెప్పొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు. వాళ్లు తిట్టినా తిట్టారనే చెప్పు." ఆ మాట తర్వాత ఎన్నిసార్లు అందో. ఎవరైనా నాలుగు నిమిషాలు మాట్లాడితే నేను రెండు ముక్కల్లో తేల్చేస్తే వెంటనే తల అడ్డంగా ఊపి, "ఆమె ఇంకా ఏదో అంది. అది కూడా చెప్పు" అనేది.

తెలుగు నేర్చుకోవాలని ఆమెకు తెగ పట్టుదల. కొత్త మాట వినగానే బొటనవేలితో మిగతా వేళ్లు ఒక్కొక్కటే తాకుతూ మూడుసార్లు గొణుక్కునేది. ళ ఆమె నోట పలకదు. పళ్లు అనబోయి పల్లు అనేది. మావాళ్లు ఎదురుపడితే "తిన్నవా?" అని పలకరించుకోవడం గమనించి, అది వాళ్ల దేశంలో గుడ్ మార్నింగులాంటిదని అనుకుంది. కాంపౌండులో కనిపించినవాళ్లందరినీ, తోటమాలిని, పోస్టుమాస్టరును, ఆఖరికి పాస్టరుగారిని కూడా "తిన్నారా?" అని అడిగేది. అందరూ నవ్వి "తిన్నం దొరసానమ్మా" అనేవాళ్లు. ఆమెకు అదొక ఆనందం.

ఆమె వచ్చిన రెండో వారంలో మమ్మల్ని తాండూరు పంపారు. పొద్దున ప్యాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే తాండూరులో దిగుతాం. అక్కడి నుంచి ఎడ్లబండిలో బండల గనుల దాకా వెళ్లాలి. చేనుకు పని లేక ఊళ్లు విడిచి వచ్చిన కుటుంబాలు గనుల పక్కన గుడిసెలు వేసుకొని ఉన్నాయి. పనికిరాని బండముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి గోడలు, పైన ఎండిన కందికట్టె. మగవాళ్లు బండ కోస్తే ఆడవాళ్లు నెత్తిమీద మోసి పైకి తేవాలి. కన్నడం మాట్లాడేవాళ్లూ ఉన్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు. అయితే రెండు భాషల వాళ్లూ పెద్దగా మాట్లాడుతున్నట్టు లేదు. నాకు అక్కడ మొదట కొట్టొచ్చినట్టు కనిపించింది ఆ నిశ్శబ్దమే. అంతమంది పిల్లలున్న చోట ఒక్క అరుపు లేదు, ఏడుపు లేదు.

దొరసాని బండి దిగి, గొడుగు ముడిచి, మొదట కనిపించిన ఆడమనిషి వైపు నవ్వుతూ చూసి "తిన్నారా?" అంది.

"లేదు" అంది ఆమె.

దొరసాని నవ్వు అలాగే ఉండిపోయింది. పక్కనున్న ఇంకో ఆమెను అడిగింది. "పొయ్యి ముట్టిచ్చి రెండొద్దులైంది దొరసానమ్మా" అందామె, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా. దొరసాని నావైపు తిరిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. అప్పుడు, ఇన్నాళ్లూ తను అందరినీ ఏం అడుగుతూ వచ్చిందో ఆమెకు అర్థమైంది. మణికట్టు తడుముకొని గడియారానికి కీ ఇవ్వడం మొదలుపెట్టింది.

వచ్చిన పని చెయ్యాలి గనుక పిల్లలను బండి నీడన కూచోబెట్టాం. ఆమె తెచ్చిన రంగుల బొమ్మలు ఒక్కొక్కటి చూపిస్తుంటే నేను కథ చెప్పాను. ఐదు రొట్టెలు, రెండు చేపలు, ఐదువేల మంది. ముందే అనుకొని పెట్టుకున్న కథ, మార్చాలని మాకిద్దరికీ తోచలేదు. అందరూ తృప్తిగా తిని, ఇంకా పన్నెండు గంపలు మిగిలాయని ముగించి, పాట పాడించి, ఇక వెళ్లండన్నాను. ఒక్క పిల్ల లేవలేదు. కాసేపయ్యాక ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి, పేరు నర్సి, చెల్లెలిని చంకన వేసుకొని లేచి నా దగ్గరికొచ్చింది.

"రొట్టెలు పంచిండంటివి గద పంతులమ్మా, మాకెప్పుడు పంచుతరు?"

ఆ మాట కూడా ఉన్నదున్నట్టే చెప్పాను. బండిలో మా ఇద్దరి కోసం నాన్న కట్టిచ్చిన డబ్బా ఉంది. రొట్టె, నాలుగు ఉడికించిన గుడ్లు. దొరసాని డబ్బా తీసి ఏం చెయ్యాలో తెలియక అలా పట్టుకొని నిలబడింది. చివరికి చిన్న చిన్న ముక్కలు చేసి పంచాం. ఒక పిల్లవాడు గుడ్డును పెంకుతో సహా నమిలి మింగాడు. ఆరోజు నుంచి కాంపౌండులో అందరి మధ్యా కూచొని భోజనం చెయ్యడం మానేసింది. వంటింట్లో గోడవైపు తిరిగి, నిలబడి, గబగబా నాలుగు ముద్దలు తినేసి బయటికొచ్చేది. అన్నానికి ముందు ఆమె చేసే ప్రార్థన పొడుగ్గా ఉండేది, కూర చల్లారిపోతుందని నాన్న నొచ్చుకునేవాడు. అది కూడా రోజురోజుకూ పొట్టిదై, చివరికి ఒక్క ఆమెన్ మిగిలింది.

ఐదు వారాలు అయిపోయినా ఆమె వెళ్లలేదు. వాళ్ల దేశానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. రెండు నెలలకు పాలపొడి పీపాలు రైల్లో వచ్చాయి. మంగళవారం, శుక్రవారం తాండూరు వెళ్లి పాలు కలిపి పొయ్యాలని ఏర్పాటైంది. పీపా తెరిచిన రోజు ఆసుపత్రి నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది. నర్సమ్మ మావూరి మనిషే, కరువులు చూసిన మనిషి.

"కాళ్లు వాచిన పిల్లలుంటరు సూడు, వాళ్లకు నీళ్లలెక్క పలుచగ కలుపాలె. మొదటి వారం దినానికి నాలుగు చెంచాలకు మించొద్దు. ఎన్నొద్దులో ఎండిన పేగులు, ఒక్కపారి పోస్తే తట్టుకోవు. దొరసానికి బాగ సమజ్‌జేసి చెప్పు" అంది.

చెప్పాను. దొరసాని తన చిన్న పుస్తకంలో రాసుకుంది కూడా.

మొదటి రెండుసార్లు అలాగే జరిగింది. ఇత్తడి బగోనలో పలుచటి పాలు, వరసలో పిల్లలు, ఎవరి ముంత వాళ్లకు. మూడోసారి వెళ్లినప్పుడు నర్సి వాళ్లమ్మ వచ్చింది. పేరు అంతమ్మ. పాతికేళ్లుంటాయేమో, చూస్తే ఎంతైనా అనుకోవచ్చు. చంకలో చిన్నది సుక్క. నాలుగేళ్ల పిల్ల, రెండేళ్ల పిల్లంత ఉంది. పాదాలు మాత్రం ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. అంతమ్మ మా బగోనలోకి తొంగిచూసి నాతో అంది.

"గిట్ల నీళ్ల లెక్కుంటే దాని కడుపుల ఏం నిలుస్తది పంతులమ్మా? జర చిక్కగ పొయ్యమను. నీ కాల్మొక్త."

నేను చెప్పాను. దొరసాని పిల్లవైపు చూసింది. సుక్క కూడా ఆమెవైపే చూస్తోంది. ఆ పిల్ల చెయ్యి చాపలేదు, ఏడవలేదు, రెప్ప కూడా వెయ్యకుండా చూస్తూనే ఉంది. దొరసాని పొడి డబ్బా దగ్గరికి లాక్కుంది. విడిగా ఒక గిన్నెలో చిక్కగా, మీగడలా కలిపింది. "నర్సమ్మ వద్దంది కదా" అన్నాను. ఒక్కసారే, అదీ మెల్లగా. ఆమె విననట్టు కలుపుతూనే ఉంది. నేను మళ్లీ అనలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ పిల్ల తాగితే చూడాలని ఉంది. సుక్క రెండు ముంతలు తాగింది. తాగి, మూతికి అంటిన నురగను నాలుకతో తీసుకొని, మొదటిసారి నవ్వింది. దొరసాని రుమాలు అడ్డం పెట్టుకోకుండా పన్నులేని నోటితో తిరిగి నవ్వింది. రైల్లో వికారాబాద్ దాకా ఆ నవ్వు ఆమె ముఖం మీదే ఉంది.

మళ్లీ వెళ్లేసరికి సుక్క లేదు. ఆ సాయంత్రం నుంచే వాంతులు, విరేచనాలు పట్టుకొని మర్నాడు చనిపోయిందని వరసలో ఉన్న ఆడవాళ్లు చెప్పారు. పూడ్చిపెట్టి మూడో రోజు. దొరసాని గరిట నా చేతికిచ్చి గుడిసె దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. అంతమ్మ గుడిసె బయట బండమీద కూచొని ఉంది. మమ్మల్ని చూసి లేచింది. ఏడుపు అయిపోయిన ముఖం. ఒక చెయ్యి ముందుకు చాచి, దొరసానిని కాదు, నన్ను చూస్తూ అడిగింది.

"ఒక్కటే అడుగుత. నిజం చెప్పమను. మీ పాలు పడకనే పోయిందా నా బిడ్డ? దేంతోని పోయిందో నాకు ఎర్క గావాలె."

దొరసాని నావైపు తిరిగింది. "ఏమంటోంది?"

అప్పుడు నేను ఏం ఆలోచించానో ఇప్పుడు చాలా చెప్పొచ్చు. ఈ మాట వింటే దొరసాని కూలిపోతుంది, పాలు ఆగిపోతాయి, వరసలో ఉన్న మిగతా పిల్లల గతి ఏమిటి అనుకున్నానని చెప్పొచ్చు. అది కొంత నిజమే. కానీ అంతకన్నా ముందు నాకు భయమేసింది. నర్సమ్మ మాట నాకూ తెలుసు. జవాబు చెప్పాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను.

"నీకు దండం పెడుతోంది" అని ఇంగ్లీషులో అన్నాను. "చనిపోయేముందు నా బిడ్డకు కడుపునిండా పాలు పోశావు, నీ మేలు మరువను అంటోంది."

దొరసాని కళ్లనిండా నీళ్లతో ముందుకెళ్లి, చాచిన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకొని తన ముఖానికి ఆనించుకొని వెక్కివెక్కి ఏడ్చింది. అంతమ్మ ఆమె ఏడుపు అయ్యేదాకా చూసింది. జవాబు వస్తుందేమోనని ఇంకాసేపు చూసింది. తర్వాత చెయ్యి మెల్లగా విడిపించుకొని గుడిసెలోకి వెళ్లిపోయింది.

ఆ సంగతి దొరసాని ఉత్తరంలో రాసింది. వాళ్ల సంఘం పత్రికలో దాన్ని అచ్చువేశారు. బిడ్డను పూడ్చిపెట్టిన మూడో రోజున చేతులు జోడించి కృతజ్ఞత చెప్పిన ఒక పేదతల్లి. అది చదివి ఎక్కడెక్కడివాళ్లో కదిలిపోయారట, ఇంకా పీపాలు వచ్చాయి. ఆ పత్రిక ఆమె నాకు చూపించింది. చదివి, బాగుందని చెప్పి తిరిగిచ్చాను.

ఆ ఏడాదంతా ఆమె తెలుగు నేర్చుకుంది. పుస్తకాల తెలుగు కాదు. పాలు పోయడం అయ్యాక గనిలో బండలు మోసే ఆడవాళ్ల పక్కన, ఒంటె కూచున్నట్టు మోకాళ్లు పైకి పెట్టుకొని కూచునేది. ఎండకు మెడ పొక్కులు లేచినా లేచేది కాదు. జర, గిట్ల, ఎర్కలే, పరేషాన్ — బొటనవేలితో వేళ్లు తాకుతూ ఒక్కొక్కటే పోగుచేసుకుంది. ఆడవాళ్లు ఆమె మాట విని నవ్వేవాళ్లు. క్రమంగా నవ్వడం మానేశారు, ఎందుకంటే నవ్వాల్సిన పని లేకుండా పోయింది. నేను లేకపోయినా ఆమెకు సగం జరిగిపోతోంది. అది చూసి నాకు లోపల గుబులు మొదలైంది.

పాల వరసలోకి అంతమ్మ రాలేదు. నర్సినీ పంపలేదు. నర్సి దూరంగా గోడ పక్కన నిలబడి చూసేది. చేతులు పుల్లలైపోయాయి. "ఆ పిల్ల ఎందుకు రాదు?" అని దొరసాని అడిగినప్పుడల్లా నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. చెల్లెలు గుర్తొస్తుందేమో, వాళ్లకు మొహమాటమేమో. ఆమె నా ముఖంలోకి చూసి ఊరుకునేది.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక శుక్రవారం అంతమ్మ బండ మోసుకొని మా ముందు నుంచే పోతుంటే దొరసాని లేచి ఎదురెళ్లింది. నన్ను పిలవలేదు.

"అంతమ్మా, నర్సిని ఎందుకు పంపుతలేవు? నా మీద కోపమా?"

అంతమ్మ నెత్తిమీది బండ దించలేదు. మెడ నిలబెట్టి అలాగే అంది. "కోపమెందుకు దొరసానమ్మా? ఆ దినం ఒక మాట అడిగిన. మీరు జవాబు చెప్పలే. చెయ్యి పట్టుకొని ఏడ్సిన్రు. అంతే గద." అని నడిచిపోయింది.

దొరసాని అక్కడే నిలబడింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది. నేను గరిట కడుగుతున్నాను. కడిగిన గరిటను మళ్లీ కడిగాను.

రైలెక్కాక ఆమె అడిగింది. "ఆ రోజు ఆమె ఏమంది? ఒక్కొక్క మాటా చెప్పు. తెలుగులోనే చెప్పు."

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. కిటికీలోంచి ఎండిన చేలను చూస్తూ కూచుంది. వికారాబాద్ ఇంకా కొంచెం దూరం ఉందనగా ఇటు తిరిగి, "పొరపాటు, తప్పు, రెండూ ఒకటేనా?" అని అడిగింది.

"కాదు" అన్నాను. "తెలియక చేస్తే పొరపాటు. తెలిసి చేస్తే తప్పు."

"అయితే తప్పు" అంది. బొటనవేలు వేళ్లమీద మూడుసార్లు కదిలింది.

మంగళవారం దాకా ఆగలేదు. మర్నాడే మళ్లీ రైలెక్కాం. నన్ను రమ్మని అడగలేదు, వద్దనీ అనలేదు. గుడిసె ముందు అంతమ్మ నీళ్లకుండ దించుతోంది. దొరసాని ఆమె ఎదురుగా నిలబడి, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"అంతమ్మా. ఆ దినం పాలు నేను చిక్కగ కలిపిన. పలుచగ కలుపుమని నర్సమ్మ చెప్పింది. నేను ఇనలే. చిక్కటి పాలతోని సుక్క పోయింది. పొరపాటు కాదు, తప్పు. నా తప్పు."

నా పేరు ఆ మాటల్లో ఎక్కడా రాలేదు. నేను మాట మార్చి చెప్పానన్న సంగతి ఆమె ఎత్తలేదు. వెనక నిలబడి ఉన్న నేను కూడా ఎత్తలేదు.

అంతమ్మ కుండ కింద పెట్టింది. "మల్ల చెప్పు" అంది. దొరసాని మళ్లీ చెప్పింది. అంతమ్మ బండమీద కూలబడింది. "ఇంకొక్కపారి చెప్పు." మూడోసారి చెప్పింది. అప్పుడు అంతమ్మ మోకాళ్లమధ్య తల పెట్టుకొని, నేలతో చెబుతున్నట్టు చెప్పింది.

"పాలు తాగినంక ఇంటికాడ మల్ల ఆకలైతుందని ఏడ్సింది. నోరు తెరిసి అడగక ఎన్నొద్దులైందో, అడిగింది గదా అని ఇంత జొన్నగట్క పెట్టిన. గట్క పెట్టి నువ్వే సంపినవని నా పెనిమిటి కొట్టిండు. పాలతోని పోయిందో, నా గట్కతోని పోయిందో ఎర్కలేకపాయె. గందుకే అడిగిన. ఏడాది పొద్దు పెద్దదానికి మీ పాలు పంపలే, నా చేతి ముద్ద గూడ పెట్టలే. పక్క గుడిసె ముసలమ్మ ఏమన్న పెడితే తిన్నది, లేకుంటే లేదు. నా చెయ్యంటేనే నాకు భయమైంది."

దొరసానికి ఆ మాటలు ఎవరూ ఇంగ్లీషులో చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆమె కూడా కింద కూచుంది. ఈసారి చేతులు పట్టుకోలేదు, ఏడవలేదు. అంతమ్మే ముందు లేచి గుడిసెలోకి తొంగిచూసి, "నర్సీ, ముంత తియ్యి. మంగళారం పోయి పాలు తెచ్చుకో" అంది. ఆ వెంటనే దొరసాని వైపు తిరిగి, "పలుచగనే పొయ్యి" అంది.

ఆ వారమే దొరసాని వాళ్ల పత్రికకు ఇంకో ఉత్తరం రాసింది. మొదటి ఉత్తరంలో ఆ తల్లి గురించి రాసింది నిజం కాదని, ఆమె కృతజ్ఞత చెప్పలేదని, బిడ్డ తన చేతిమీదే పోయిందని. టైపు చేసింది నేనే. అందులోనూ నా సంగతి లేదు. "నేను సరిగా తెలుసుకోలేదు" అని మాత్రం ఉంది. జవాబు మర్యాదగా వచ్చింది. ఇలాంటివి అచ్చువేస్తే దాతల మనసు విరుగుతుందట, ఆ పిల్లలకే నష్టమట. ఆమె ఇంకొకటి రాసింది, దానికీ అంతే. ఇక్కడి పెద్దలు కూడా ఎండకు ఆమె ఆరోగ్యం దెబ్బతిందని రాసి పంపారు. వానలు మొదలయ్యేలోపు తిరిగి రమ్మని కబురొచ్చింది.

ఆమె వెళ్లిన రోజు స్టేషన్‌కు పదిమందిమి వెళ్లాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. బండి వచ్చే ముందు ఆమె నన్ను దూరంగా తీసుకుపోయి, గనిలో నేర్చుకున్న తెలుగులోనే చెప్పింది. "నీ మీద నాకు కోపమున్నది. పోతలేదు. పోవాలని ప్రార్థన చేస్తున్న." నా భుజం మీద చెయ్యివేసింది. ఆ చెయ్యి బరువుగా ఉంది. తర్వాత వెళ్లి బండెక్కింది.

క్రిస్మస్‌కు నర్సమ్మ పేర కార్డు వచ్చేది. అందరికీ వందనాలు అని ఉండేది. నాకు విడిగా ఎప్పుడూ రాయలేదు. ఆ కోపం పోయిందో లేదో నాకు తెలియదు. పాలపొడి ఆమె వెళ్లాక ఆరేడు నెలలు వచ్చి ఆగిపోయింది.

ఆదివారం ఆ ప్రకటన విన్నాక రెండు రోజులు ఆగి, బడికి సెలవు పెట్టి తాండూరు వెళ్లాను. అంతమ్మ ఇప్పుడు గనిలో లేదు, పప్పు మిల్లులో కందులు చెరుగుతోంది. జుట్టు తెల్లబడింది. నర్సి బతికింది. పెళ్లై సరిహద్దు అవతల కన్నడం మాట్లాడే ఊళ్లో ఉంది, అక్కడా బండపనే. మిల్లు వెనక చెట్టు కింద అంతమ్మ చాట పట్టుకొని ఉంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. దొరసాని పోయిందని చెప్పాను.

"పోయిందా" అంది. చాట ఆగింది. "నిజం చెప్పి పోయింది మనిషి. ఎవరు చెప్తరు గట్ల?"

ఆ మాట విన్నాక ఊరుకుంటే సరిపోయేది. కానీ ఊరుకోలేకపోయాను. "అంతమ్మా, నువ్వు అడిగిన దినం నీ మాట ఆమెకు చెప్పింది నేనే కదా. నేను సరిగా చెప్పలేదు. మార్చి చెప్పాను. అందుకే నీకు ఏడాదిపాటు జవాబు రాలేదు" అన్నాను.

ఆమె చాట కింద పెట్టింది. "ఏమని చెప్పినవ్?"

"నువ్వు దండం పెడుతున్నావని. పాలు పోసినందుకు మేలు మరువనంటున్నావని."

"దండమా?" అంది. నా ముఖంలోకి చూసింది. "బిడ్డను పూడ్సిన మూడో దినం నేను దండం పెట్టినన్ననా?"

తల ఊపాను.

"గా మాట వాళ్ల దేశంల గూడ చెప్పిన్రా?"

"చెప్పారు. పత్రికలో అచ్చువేశారు. చాలామంది చదివారు."

"మల్ల కాదని చెప్పిన్రా?"

"ఆమె రెండుసార్లు రాసింది. వాళ్లు వెయ్యలేదు."

మిల్లులోంచి ఎవరో ఆమెను కేకేశారు. ఆమె వస్తున్నానని కూడా అనలేదు. చాట అందుకొని, అందులో కందులను చేత్తో ఒకసారి సర్ది, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. పొట్టు గాలికి నా చీర మీద పడుతోంది.

"అట్లయితే గాడ వాళ్ల దేశంల నేను ఇంకా దండం పెట్టుకుంటనే ఉన్న" అంది.